మంచం రెండో కొస

ట్రాలీ ఆటో డ్రైవరు సామాన్లు గేటు ముందు దింపేసి, మేడ మీదికి మోయడం తన పని కాదన్నాడు.

భూదేవి మెడ ఎత్తి పైకి చూసింది. గది రెండో అంతస్తులో. మెట్లు ఇరుకు.

ఇనుప మంచం, చదువుకునే బల్ల, రెండు కుర్చీలు, తలుపుకు సొట్ట పడ్డ చిన్న బీరువా. పాత సామాన్లు పోగుచేసి లేనివాళ్లకిచ్చే చిక్కడపల్లి సంఘం వాళ్లు పంపినవి. ఒక్కొక్కటి ఒక్కో ఇంట్లోంచి వచ్చింది.

ఆటో పక్కన అరవై ఏళ్ల మనిషి ఒకాయన చంకలో సంచితో నిలబడి ఇంటి నంబరు చూస్తున్నాడు. బండి వెంట వచ్చిన మనిషే అనుకుంది.

"కాకా, జర ఆ కొస పట్టుండ్రి," అంది.

ఆయన సంచి మెట్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి మంచం కొస పట్టాడు.

అది 2012 జూన్, బడులు తెరిచే రోజులు. భూదేవి అశోక్‌నగర్‌లో, సర్కారు కొలువులకు చదివే పిల్లల హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది. భర్త పోయాక నాలుగేళ్లు ఆ మెస్సు స్టోర్‌రూంలోనే పడుకుంది. కూతురు స్నేహలత రెండేళ్లుగా ఒక బాలికల హోంలో ఉంది. ఇప్పుడు ఈ గది కిరాయికి దొరికింది. పిల్లల సంక్షేమ కమిటీ వాళ్లు వచ్చి ఇల్లు చూసి సరేనంటేనే బిడ్డను పంపుతారు. సోమవారం కమిటీ మేడం వస్తుందని హోం నుంచి ఫోను వచ్చింది. ఇవాళ శనివారం.

బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంది. ఆయన దాన్ని నిలువుగా తిప్పించి, భుజం ఆనించి, ఒక్కో మెట్టూ ఎక్కించాడు. పైకి చేరేసరికి ఇద్దరికీ చెమటలు. మంచినీళ్లు అడిగాడు. గదిలో ఇంకా గ్లాసు లేదు. బిందె వంచి దోసిట్లో పోసింది.

బల్లను కిటికీ కిందికి ఆయనే జరిపాడు.

"ఎవరు చదువుకుంటరమ్మా దీని మీద?"

"నా బిడ్డ. ఐదో తరగతిలకొచ్చింది."

ఆ బిడ్డ ఎక్కడుందని అడిగాడు. మళ్లీ కనబడే మనిషి కాదు కదా అనుకుందో, అలసటో, భూదేవి కుర్చీలో కూలబడి అంతా చెప్పేసింది. స్టోర్‌రూంలో బియ్యం బస్తాల మధ్య పిల్లను పక్కనేసుకొని పడుకునేది. ఒక పొద్దున లేచి చూస్తే పిల్ల కాలి వేలు ఎలుక కొరికి నెత్తురు. ఆ రోజే తీసుకుపోయి హోంలో అప్పజెప్పింది. ఎవరూ గుంజుకుపోలేదు. తనే ఇచ్చింది. సోమవారం ఇల్లు చూడ్డానికి మేడం వస్తుందని కూడా చెప్పింది.

"మేడంకు గిదంత చెప్తవా?"

"చెప్ప. సామాన్లు నేనే కొన్ననని చెప్త. ఆర్నెల్ల సంది ఈ గదిలనే ఉంటున్ననని చెప్త. మెస్సుల నర్సింహమ్మక్క గట్లనే చెప్పుమన్నది."

"రేపు ఈ గది కూడ పోతే?"

భూదేవి కొంగుతో మొహం తుడుచుకుంది.

"మళ్ల తోలుకపోయి అప్పజెప్త. పిల్ల మంచిగుండాలె గని, నా తాననే ఉండాలని ఏమున్నది కాకా."

ఆయన తలూపాడు. తర్వాత తలుపు గడియ వేసి, తీసి చూశాడు. బాత్‌రూంలోకి తొంగి చూశాడు. బయటికి పోయి పిట్టగోడ పక్కన నిలబడి, అది తన నడుము దాకా వచ్చిందా లేదా అని చూసుకున్నాడు.

భూదేవి కుర్చీలోంచి లేచింది. ముక్కూ మొహం తెలియని మగమనిషికి ఇంటి గుట్టంతా విప్పింది. ఒంటరి ఆడమనిషి ఉండే గది. గడియ ఎందుకు చూస్తున్నట్టు?

"పని అయిపోయింది గద కాకా, ఇగ పోండ్రి," అంది, గొంతు గట్టి చేసుకొని.

ఆయన మడిచిన చేతులు దింపుకొని, మెట్ల మీది సంచి తీసుకొని వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె పైనుంచి చూస్తూనే ఉంది. ఆ సాయంత్రమే రాంనగర్ పోయి కొత్త తాళం తెచ్చుకుంది.

సోమవారం మెస్సుకు సెలవు పెట్టింది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. చెప్పాల్సినవి పదిసార్లు అప్పజెప్పుకుంది.

పొద్దుగూకినా మేడం రాలేదు.

ఆ ముసలాయన ఎక్కడో నోరు జారి ఉంటాడనిపించింది.

మంగళవారం భయపడుతూనే హోంకు పోయింది. స్నేహలత బట్టల సంచి ఒళ్లో పెట్టుకొని వరండాలో కూర్చుని ఉంది. ఆఫీసులో క్లర్కు మాధురి, సంతకం పెట్టమని కాగితం ముందుకు జరిపింది.

"మేడం మా ఇంటికి రాలే గదమ్మా?"

మేడంకు జ్వరమని, ఆమె ఫైళ్లన్నీ కమిటీ పెద్ద జగన్నాథరావు సారే చూశాడని, భూదేవి ఇంటి రిపోర్టు శనివారమే వచ్చేసిందని మాధురి చెప్పింది.

శనివారం తన ఇంటికి ఏ సారూ రాలేదంది భూదేవి. చూడకుండానే దయతలచి రాసినట్టున్నాడు, ఒక్కసారి దండం పెట్టుకొని పోతానంది.

"నిన్ననే రిటైరయ్యి కరీంనగర్ పోయిండక్కా. మీదే ఆఖరి ఫైలు."

మాధురి ఫైలు తెరిచి, చేతిరాతలో ఉన్న చివరి పేజీ చదివి వినిపించింది.

"ఇల్లు పరిశీలించుటకు వెళ్లిన నన్ను ఆ తల్లి సామాన్లు మోసే మనిషి అనుకున్నది, అట్లు అనుకొనుటచేతనే నాకు నిజం చెప్పినది, బిడ్డను నిశ్చింతగా అప్పగించవచ్చును."