సంచి మీద చీటీ

పాప కేరుమంది. నర్సు బొడ్డుతాడు కత్తిరించి, అందులోని రక్తాన్ని చిన్న సంచిలోకి పట్టింది. గడ్డ కట్టకుండా సంచిని అరచేతుల్లో ఊయలలా ఊపుతూ, తండ్రికి చీటీ అందించింది.

"ఎవరి కోసం దాస్తున్నారో రాయండి సార్."

"వాళ్లక్క కోసం," మంచం మీద నుంచి భార్య నీరసంగా నవ్వింది. "చెల్లి రక్తం ఎక్కిస్తే జబ్బు పోతుందని ఏడాదిగా కాచుకు కూర్చుంది మా పెద్దది. రాయండి, ఇంకా ఆలోచనేంటి?"

రెండు రోజులుగా ఆమె పెద్దదాని గురించి అడిగినప్పుడల్లా "నిద్రపోతోంది" అని తేలిగ్గానే బొంకాడతను. కాగితం మీద బొంకడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఆమె ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దున. నీకు పురుడయ్యేదాకా చెప్పొద్దన్నారు డాక్టర్లు."

నర్సు చేతులు ఆగిపోయాయి.

ఆమె నర్సు వైపు తిరిగింది. "ఊపడం ఆపకమ్మా. గడ్డ కడుతుంది."

ఆమె చెయ్యి చాచింది. అతను చీటీ, కలం ఇచ్చాడు. పడుకునే, గుండెల మీద పెట్టుకుని, వంకర అక్షరాలతో రాసింది.

'ఎవరి అక్కకైనా సరే.'