టిచ్ బటన్ల చొక్కా

“ఒరేయ్, యుద్ధం తప్పు కాదంటే ఒప్పుకోవేంట్రా?” కెప్టెన్ మామయ్య ఎడమ చేత్తో బల్ల మీద గట్టిగా చరిచాడు. కత్తెర ఎగిరి పడింది.

టైలరు తలెత్తలేదు. ఎడమ కన్ను మూసి, ఊపిరి బిగబట్టి సూదిలోకి దారం ఎక్కించాడు. అరవై దాటినా ఆయనకు ఒక్కసారికే ఎక్కుతుంది.

“తప్పేనండీ,” అన్నాడు నెమ్మదిగా.

పక్కనే ఉన్న టైలరు కూతురికి నవ్వొచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న గొడవే ఇది. చిన్నప్పుడు గుడ్డముక్కల కుప్పలో పడుకుని, ఈ వాదన వింటూనే నిద్రపోయేది. ఓసారి వీళ్ళిద్దరూ మాటల్లో పడి చూసుకోకపోతే బొత్తాం మింగేసింది. ఆనాటి నుంచి మామయ్యకు ఆమె పేరే బొత్తాం. నిజానికి ఆయనా కెప్టెన్ కాడు, మామూలు సిపాయి. వీధివాళ్ళు ఇచ్చిన బిరుదది. ఇన్నేళ్ళ స్నేహంలో ఆయన ‘ఒరేయ్’ దాకా వచ్చాడు గానీ, నాన్న మాత్రం ‘మీరు’ దగ్గరే ఆగిపోయాడు.

ఇవాళ ఆ గొడవతో ఆమెకు పనిపడింది. రెడీమేడ్ దుకాణాలొచ్చాక కుట్టుమిషన్లు ఖాళీగా పడి ఉంటున్నాయి. ఇన్నాళ్ళకు సైన్యానికి యూనిఫారాలు కుట్టే ఆర్డరు వెతుక్కుంటూ వచ్చింది. సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే అది చెయ్యి జారిపోతుంది. ఆ తర్వాత కొట్టు మూసుకోవడమే. నాన్నేమో యూనిఫారం కుట్టేది లేదని భీష్మించుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఒప్పించగలిగేది మామయ్య ఒక్కడేనని ఆమె కబురు పెట్టింది.

“ఆ రోజు యుద్ధంలో ఏటికి ఇటున్నవాడూ, అటున్నవాడూ ఎవరి ఇంటి కోసం వాళ్ళు నిలబడ్డారు,” అన్నాడు మామయ్య. “అందులో పాపమేముందిరా?”

“మీ చెయ్యి చూసుకుని కూడా అంటారా ఆ మాట?”

మామయ్య కుడి చేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే మిగిలాయి. మిగతా మూడూ ఆ యుద్ధంలోనే తూటా తగిలి పోయాయి. ఆయన పకపకా నవ్వాడు.

“మూడు వేళ్ళు పోయాయి, ఓ టైలరు దొరికాడు. బేరం బాగానే ఉంది! బొత్తాం, మీ నాన్న మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చిన రోజు చెప్పానా?”

వందసార్లు చెప్పాడు. అయినా ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చెబుతుంటే వినడం ఆమెకు ఇష్టం.

“ముక్కూ మొహం తెలియని కుర్రాడు. పడవ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. వానలో తడిసి ముద్దయ్యాడు గానీ చంకలో పొట్లం మాత్రం తడవనివ్వలేదు. విప్పితే చొక్కా! బొత్తాలన్నీ పైకి సోకుకే. కింద టిచ్ బటన్లు. ఒంటి చేత్తో నొక్కుకుంటే చాలు. అప్పటిదాకా రోజూ మా అమ్మే బొత్తాలు పెట్టేది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ రోజు అద్దం ముందు ఎన్నిసార్లు వేసుకుని విప్పానో!”

ఇప్పుడు ఒంటి మీదున్నదీ అలాంటి చొక్కానే. ఏటా ఒకటి, నాన్నే స్వయంగా కుడతాడు.

ఆమె ఇదే అదనుగా ఆర్డరు కాగితం ఆయన ముందు పెట్టింది. “నాన్నను సంతకం పెట్టమనండి మామయ్యా.”

మామయ్య కాగితం చదివాడు. తలెత్తి టైలరు చేతుల వంక చూశాడు. దారం ఎక్కించిన సూది అలాగే ఉంది, ఒక్క కుట్టూ పడలేదు. ఆయన కాగితం మడిచి ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

“తిప్పి పంపెయ్యమ్మా.”

“అదేంటి! యుద్ధం తప్పు కాదని ఇందాకటి నుంచీ గొంతు చించుకున్నది మీరే కదా?”

“వీడు ఒక్కసారి ఒప్పుకుంటే నేనూ ఈ వాదన మానేద్దామనుకున్నా. నలభై ఏళ్ళయింది. మొండిఘటం, ఒప్పుకోడు.” టైలరు భుజం తట్టి లేచాడు. “పిల్లల గౌన్లు కుడదాం. బొత్తాలు కుట్టే పని నాదిలే!”

తన జోకుకు తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కాగితం చింపలేక, దాచుకోలేక అలాగే నిలబడింది. వందసార్లు విన్న ఆ కథలో ఎన్నడూ తట్టని సంగతి ఇవాళ తట్టింది.

“నాన్నా, అప్పటికి మీ ఇద్దరికీ పరిచయమే లేదు కదా. మామయ్యకు టిచ్ బటన్లు కావాలని నీకెలా తెలిసింది?”

టైలరు సూదిని జాగ్రత్తగా దారపు ఉండకు గుచ్చాడు.

“కాల్చింది నేనే కదమ్మా.”