ఖాళీ బ్యాగు ఇవ్వకూడదు

"నకిలీది మామ్మా, తోలు చూస్తేనే తెలుస్తోంది," అంది ఒర్నెల్లా, లోపలున్న కంపెనీ ముద్రకి బొటనవేలు అడ్డం పెట్టి. అసలైన పాత హ్యాండ్‌బ్యాగ్ చవగ్గా కొట్టెయ్యాలని ఇటలీలోని తూరిన్ నగరం సంతలన్నీ గాలిస్తున్న మనిషి ఆమె.

బల్ల వెనకున్న ముసలావిడ పియేరా ముఖం పాలిపోయింది. "మా ఆయన పెళ్లిరోజుకి కొనిచ్చాడే! పిచ్చి మారాజు, ఎవడో కుచ్చుటోపీ పెట్టాడన్నమాట."

"పోనీ, సగం ధరకిస్తే..."

"దొంగ సరుక్కి డబ్బులా? పాపం తల్లీ. ఊరికే పట్టుకెళ్లు." పియేరా బ్యాగు తుడిచి, అందులో ఒక నాణెం వేసింది. "ఖాళీ బ్యాగు ఇస్తే పుచ్చుకున్నవాళ్ల చేతిలో డబ్బు నిలవదు."

ఒర్నెల్లా చేయి చాపలేకపోయింది. "మామ్మా... పొరబడ్డాను. ఇదిగో ముద్ర. ఇది అసలుదే." అబద్ధమాడానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

పియేరా కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. బ్యాగును గుండెకి హత్తుకుంది. "ఆయన పరువు నిలబెట్టావమ్మా! ఇంక దీన్ని అమ్మను. ఇంకొకరైతే నోరు మూసుకుని పట్టుకుపోయేవారు."

నాణెం తీసి ఒర్నెల్లా అరచేతిలో పెట్టింది. "నీకు దొరకబోయే బ్యాగులో వేసుకో."

ఒక్కో వేలూ మడిచి, చివరికి ఆ బొటనవేలిని కూడా ప్రేమగా మడిచింది.