చప్పట్లూ మొట్టికాయలూ

"నమ్మినందుకు నన్ను నట్టేట ముంచింది. ఇవాళ్టి మొట్టికాయ ఇదే," అని గ్రూపులో రాసింది వేపకాయ.

గ్రూపులో ఉన్నది నలుగురే. వేపకాయ, చీమ, తాతయ్య, బండోడు. ఫోనులో పదాలాట ఆడుతూ కలిశారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. పేర్లు, ఊళ్ళు, ఉద్యోగాలు అడక్కూడదని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నారు. సాయంత్రమయ్యేసరికి ప్రతివాళ్ళూ ఆ రోజు జరిగిన ఒక మంచీ, ఒక చెడ్డా చెప్పాలి. మంచికి చప్పట్లని, చెడ్డకి మొట్టికాయని పేరు.

చప్పట్లంటే మరీ ఘనకార్యాలేం కావు. తాతయ్య బాగుచేసిన పాత గడియారం మళ్ళీ గంట కొట్టడం, బండోడు ఇరుకు సందులోంచి లారీని గీత పడకుండా వెనక్కి తీయడం, ఇలాంటివే. లిఫ్టు పాడై మెట్లెక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయని ఒకరోజు వేపకాయ ఏడిస్తే, మా దగ్గరా ఇదే భాగోతమని చీమా తాతయ్యా వంత పాడారు. మొన్నామధ్య చీమ కొడుకు పరుగుపందెంలో మూడోవాడిగా వచ్చాడు. ఆ పూటంతా గ్రూపులో చప్పట్లే. సెలవివ్వరేమోనని చీమ జంకుతుంటే, ఏదో ఒక సాకు చెప్పి వెళ్ళవే, ఒక్క అబద్ధానికి కొంపలేం మునిగిపోవు అని తోసింది వేపకాయే మరి.

పేరుకే వేపకాయ గానీ మనసు వెన్న. కాకపోతే ఆ సంగతి ఆ ముగ్గురికే తెలుసు. పరదాలు కుట్టే పెద్ద గదిలో పెత్తనం ఆమెది. అక్కడ ఆమె అడుగుల చప్పుడు వినబడితే కబుర్లన్నీ ఠక్కున ఆగిపోతాయి. ఎవరి కుట్టూ ఒక పట్టాన నచ్చదు. మూడో మిషను మీద కూర్చునే ఆమె మీద మాత్రం గురి. ఆమె అంచు మడిచి కుడితే కుట్టెక్కడుందో వెతుక్కోవాలి.

ఆ మూడో మిషనే ముంచింది. హోటలు వాళ్ళకు పరదాలు అప్పగించాల్సిన రోజునే జ్వరమని కబురు పెట్టింది. పాపమనుకుని ఆమె వాటా కుట్టు కూడా వేపకాయే మీద వేసుకుంది. వేళ్ళు పొక్కులెక్కాయి. పోతూపోతూ ఆమెకు పళ్ళిచ్చి వెళ్ళమని వ్యాను డ్రైవరుకు చెప్పబోతే, ఏదో గుట్టు తెలిసినట్టు నవ్వాడతను. జ్వరమేంటి మేడం, రోడ్డు పక్కన ఐస్‌ఫ్రూటు చప్పరిస్తూ చిన్నపిల్లలా గంతులేస్తోంది, ఇప్పుడే చూసొచ్చానన్నాడు. ఎవర్ని చూసి గంతులేస్తోందో అతను గమనించలేదు, ఈమె అడగనూ లేదు.

ఒళ్ళు మండిపోయింది. మిగతావాళ్ళెవరైనా అలా చేస్తే నాలుగు తిట్టి ఊరుకునేది. ఈమె చేసినందుకే ఏడుపొచ్చింది. నాలుగు రోజులకు ఊరి నుంచి వచ్చిన యజమాని, ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టమని ఇవాళ తేల్చేశాడు. తీసెయ్యాలనే అనుకుంది. కానీ ఎలా చెప్పాలి? అరవమంటే అరుస్తుంది గానీ, మర్యాదగా పొమ్మనడం ఆమెకు చేతకాదు. అందుకే గ్రూపును అడిగింది. నా చేతికింద ఒకామె అబద్ధమాడి నన్ను వెర్రిదాన్ని చేసింది, రేపు పనిలోంచి పంపించెయ్యాలి, ఏమని చెప్పను?

ఫోనులో చెప్పి పెట్టేయమన్నాడు బండోడు. తాతయ్య ఆలోచించి చెబుతానని మాయమయ్యాడు. చీమ ఇలా రాసింది.

"ఒక్కసారికి వదిలెయ్యకూడదా వేపక్కా? ఇంటద్దె ఉంటుంది, పిల్లలుంటారు. పాపం, ఏ అవసరమొచ్చి ఆడిందో."

"అవసరమా పాడా. ఒళ్ళు కొవ్వు. నీలాంటిదైతే వదిలేసేదాన్నే."

చీమ ఇంక వాదించలేదు. పాతచోట తనని తీసేసినప్పుడు కనీసం కూర్చోమన్న దిక్కు లేదట. ఆ రోజు తను ఏం వినాలనుకుందో అదే రాస్తున్నానంది. ముందు కూర్చోబెట్టు. మంచినీళ్ళివ్వు. నువ్వు మంచిదానివే కానీ అని మాత్రం మొదలుపెట్టకు, పుండు మీద కారం చల్లినట్టుంటుంది. ఇంతే చెప్పు: "ఈ కుర్చీ పోతోందంతే, నీ చేతిలో పనితనం ఎక్కడికీ పోదు."

ఆ మాటని వేపకాయ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ వల్లించుకుంది. ఆ రోజు తన చప్పట్లన్నీ చీమకే ఇచ్చేసింది.

మర్నాడు మూడో మిషనును తన గదిలోకి పిలిచింది. మెడలో కొలతల టేపుతోనే వచ్చిందామె.

"కూర్చో," అంది వేపకాయ.

ఎన్నడూ కూర్చోమనని మనిషి కూర్చోమనేసరికి ఆమె మొహం పాలిపోయింది. మేడం, ఆ రోజు నేను, అంటూ ఏదో చెప్పబోయింది. వేపకాయ చెయ్యెత్తి ఆపేసింది. సంజాయిషీ వింటే ఎక్కడ కరిగిపోతానో అని భయం. మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

అందుకోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆమె గ్లాసు వంక చూసింది. తర్వాత వేపకాయ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. చూస్తుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపులకు లొంగకూడదనుకుని వేపకాయ చూపు తిప్పుకుంది.

"ఈ కుర్చీ పోతోందంతే..." అని, వల్లించుకున్న మిగతా మాట కోసం తడుముకుంది.

మిగతా సగం అక్షరం పొల్లుపోకుండా మూడో మిషనే అప్పజెప్పి, నీళ్ళు ముట్టకుండా లేచి నిలబడి అడిగింది, "అంతేగా, వేపక్కా?"