పది నుంచి పన్నెండు దాకా

“మీ కంప్యూటర్‌కేం రోగం లేదమ్మా,” అన్నాడు నెట్ మెకానిక్, అత్తయ్య డెస్క్‌టాప్ వదిలి నా లాప్‌టాప్ దగ్గరికొస్తూ.

రౌటర్ పేజీ పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకుంది.

“ఇదిగో! రోజూ పది నుంచి పన్నెండు దాకా డెస్క్‌టాప్‌కి నెట్ కట్. లాప్‌టాప్‌కి మాత్రం ఫుల్లు. ఎవరు పెట్టారిలా?”

నాకు తల కొట్టేసినట్లయింది. ఆఫీసు మీటింగుల్లో నా మాట తెగిపోతోందని నెల కిందట నేనే పెట్టాను. అత్తయ్య ఎనిమిది మంది పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేదీ ఆ రెండు గంటలే. “నాలాగే ముసలిదైపోయింది” అంటూ ఆవిడ డెస్క్‌టాప్‌కి మొట్టికాయలు వేస్తుంటే, పక్కనే కూర్చుని నవ్వాను కూడా.

అత్తయ్య తెర వైపు చూసింది. తర్వాత నా వైపు.

“నేనే బాబూ. తెలియక ఏదో నొక్కేసుంటాను.”

నా లాప్‌టాప్‌ను ఆవిడ ఏనాడూ ముట్టుకోలేదు.

“తీసెయ్యమంటారా?”

“వద్దులే. ఆ టైములో కోడలికి మీటింగులు. ఆరుగురు మానేయగా మిగిలిన ఇద్దరు పిల్లలకీ సాయంత్రం చెప్పుకుంటాను.”

“అత్తయ్యా, అది...”

“పదవుతోంది, కూర్చో,” అంటూ ఆవిడ తన కుర్చీ తెచ్చి నా బల్ల ముందు వేసింది.