ఆయ్‌కి ఎన్ని పాయింట్లు?

"ఆయ్ అనడం కూడా ఒక శక్తేనా అండీ?"

ఫిలిప్ గొంతులో వెటకారం కన్నా మంటే ఎక్కువుంది.

మండదా మరి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, అమలాపురంలో తన ట్యూషన్ గదిలో బల్లలు కలిపి ఈ ఆట నడుపుతున్నాడు. ఎవరికి వారు ఒక సూపర్‌హీరోని తయారుచేసుకోవాలి. కథ చెప్పేది ఫిలిప్. విలన్లూ ఫిలిప్పే. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. ఏ శక్తి కావాలన్నా ఎంత దూరం పనిచేస్తుందో, ఏం ఖర్చవుతుందో, బలహీనత ఏమిటో చెప్పి, దానికి తగ్గ పాయింట్లు కట్టాలి. ఆ రూల్స్ అన్నీ ఇంగ్లిషు నుంచి తెచ్చి, నెలల తరబడి తెలుగులో దిద్దుకున్నాడు. వాటి జోలికొస్తే ఊరుకోడు.

ఆడేవాళ్ళలో బెన్నీ తయారుచేసిన హీరో ఈల వేస్తే కొబ్బరికాయలు వాటంతటవే చెట్టు దిగుతాయి. అనురాధ హీరోయిన్ ఆవకాయ జాడీ మూత తీస్తే శత్రువులకి కళ్ళు కనపడవు. వింతవే అయినా, రూలు ప్రకారం ఉన్నాయి.

ఆయ్ శక్తి కావాలన్న ఈయనెవరో గోడ మీద ప్రకటన చూసి మెట్లెక్కి వచ్చాడు. నలభై దాటిన మనిషి, చేతిలో ప్రయాణపు బ్యాగు. మస్కట్ వెళ్ళిపోతున్నాడట. బస్సుకి ఇంకా టైముందట. ఒక్కసారి ఆడి పోతాడట.

"కాగితం మీద పేరు రాయలేదేంటండీ?" అని అడిగింది అనురాధ.

"పేరుదేవుందండి. ముందు శక్తి కుదరనివ్వండి."

ఆ శక్తి ఇదీ. ఎదుటివాళ్ళు చెబుతుంటే ఈయన హీరో వాళ్ళ పక్కన కూర్చుని ఆయ్ అంటాడు. వాళ్ళ గుండెలో ఉన్నదంతా బయటికొచ్చేస్తుంది.

"కోనసీమలో పుట్టినోళ్ళందరికీ ఉందండి ఆ శక్తి" అన్నాడు బెన్నీ. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఫిలిప్ నవ్వలేదు. "ఎంత దూరం పనిచేస్తుంది?"

"వినపడినంత దూరమండి."

"ఖర్చు?"

"టైమేనండి. మధ్యలో లేచి వెళ్ళకూడదు."

"బలహీనత?"

"వాళ్ళు నోరు విప్పకపోతే నేనేం చెయ్యలేనండి." కాస్త ఆగి, "ఒకసారి పనిచేసిందండి" అన్నాడు.

ఎక్కడ అని ఎవరూ అడగలేదు.

బుద్ధి చెబుదామని ఫిలిప్ తన దగ్గరున్న విలన్లలోకెల్లా ఘోరమైనవాణ్ణి దింపాడు. నిండు వరదలో ఏటిగట్టు తెగ్గొట్టడానికి గునపం పట్టుకొచ్చిన రాక్షసుడు.

"కొట్టండి చూద్దాం."

ఆయన పాచికలు ముట్టుకోలేదు. "మావాడు గట్టు మీద ఆయన పక్కన కూర్చుంటాడండి. ఏవైందండీ అంటాడు."

"ఏవైందేంటి. లంక ఊళ్ళన్నీ ముంచేస్తాను" అన్నాడు ఫిలిప్ రాక్షసుడి గొంతుతో.

"ఆయ్."

"నా మాట ఎవడూ వినలేదు."

"ఆయ్. నాకేం తొందర లేదండి. తరవాతండి?"

"తరవాతేముంది. ఇంటికి పెద్దవాణ్ణి. అందరికీ ధైర్యం చెప్పేది నేనే. చెల్లి ఫోనెత్తకపోతే నా గుండె ఆగిపోద్దని ఎవరికి చెప్పుకోను..."



రాక్షసుడికి చెల్లెలు లేదని ఫిలిప్‌కి అప్పుడు తట్టింది. చెల్లెలున్నది తనకి. నర్సింగు పరీక్ష తప్పిన ఏడాది కరుణ గోదావరి వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చిందన్న సంగతి ఇంతవరకూ ఆ ఇంటి గడప దాటలేదు.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఫిలిప్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది ఆట కాదండి, మోసం. ఆడటానికొచ్చినవారు పాచికలు వెయ్యాలి గానీ, నా నోటమ్మట నా ఇంటి సంగతులు లాగుతారా? ఏ రూల్లో ఉందండి ఇది? నా బల్ల దగ్గర ఇలాంటివి కుదరవు. దయచేయండి."

ఆయన హీరో వివరాలు రాసుకున్న కాగితం నలిపి కిటికీలోంచి పారేశాడు.

ఆయన ఎదురు చెప్పలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని, "తప్పయితే ఏమనుకోకండి మాస్టారూ. చెల్లెలుగారు బావుంటారండి" అని మెట్లు దిగిపోయాడు.

పేరు అడగాలని అప్పుడు కూడా ఎవరికీ తోచలేదు.

సాయంత్రం కువైట్ నుంచి కరుణ ఫోను చేసేసరికి కూడా ఫిలిప్ కోపం చల్లారలేదు. తను నోరు జారిన సంగతొక్కటి మింగేసి, మిగతాదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"పక్కన కూర్చుని ఆయ్ అంటాడంట. దానికి నేను పాయింట్లివ్వాలంట. ఒళ్ళు మండిపోయిందమ్మా నాకు. పొమ్మన్నాను."

కరుణ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"అన్నయ్యా, ఆయన మధ్యలో 'నాకేం తొందర లేదండి' అన్నారా?"

"నీకెలా తెలుసు?"



"పేరు అడిగేవా?" అంది కరుణ.

లోపల గదిలో అమ్మ జయమ్మ సాయంకాలం ప్రార్థన ముగిస్తూ, కరుణ తిరిగొచ్చిన నాటి నుంచీ ఒక్కరోజూ మానని మాట ఇవాళ కూడా అంటోంది: "వంతెన మీద నా బిడ్డ పక్కన పొద్దుగూకేదాకా కూర్చున్న ఆ పేరు తెలీని బాబుని, ఎక్కడున్నా చల్లగా చూడు ప్రభువా."