అట్ట మీద నాలుగు వరుసలు

“దీంట్లో ఏముండాదో చదివి చెప్పు అయివారా. రేపటి నుంచి పాప బడికి పోవల్లా వద్దా అనేది దీన్ని బట్టే” అన్నాడు నరసన్న, చేతిలోని అట్టను మంచం మీద పెట్టి.

దేవేంద్రప్ప మాస్టరు వెంటనే దాన్ని అందుకోలేదు. భార్య పోయి నెల నిండలేదు. తను పనిచేసే సర్కారు బడికి సెలవు చీటీ పంపి ఇంట్లోనే ఉంటున్నాడు. పొయ్యి ముట్టించి ఇంత ఎసరు పెట్టడమే ఆ పొద్దుటికి పెద్ద పనయింది. వచ్చినవాళ్ళను కూర్చోమనడం కూడా మరిచాడు.

నరసన్న వెనక అతని వదిన రామలక్ష్మమ్మ నిలబడింది. ఆమె కొంగు పట్టుకొని అయిదేళ్ళ కూతురు రత్నమణి. అన్న పోయినాక ఆ ఇంట్లో నరసన్న మాటే మాట.

“యాడిది ఇది?” అని అడిగాడు మాస్టరు.

“మిషన్ బడిలో ఇచ్చినారు. దొరల దేశంలో ఇప్పుడేదో ప్రేమ పండగంట. వాళ్ళు వాడి పారేసిన అట్టలు మూటగట్టి ఈడికి పంపినారు. మిస్సమ్మ పిల్లలకు తలా ఒకటి పంచింది.”

“ఇంటికాడ చదువుకునేదానికి ఇచ్చింది సామీ” అంది రామలక్ష్మమ్మ మెల్లగా. “ఆ తమలపాకు మాదిరి బొమ్మ చుట్టూ చింతపిక్కలు పేర్చి లెక్కపెట్టమనింది. ముప్పై దాకా తప్పు లేకుండా చెప్తాండాది పాప.”

“నువ్వుండు వదినా. పైకి చింతపిక్కలు, లోపల మతం. డోన్‌లో మండీ గుమాస్తాకు చూపించినా. నాలుగు వరుసలూ చదివినాడు. బిడ్డను మా దేవునికి ఇచ్చేయండి అని రాసుండాదంట.”

మాస్టరు కళ్ళజోడు పెట్టుకొని అట్టను చూశాడు. ఒకవైపు ఎర్రటి హృదయం బొమ్మ. రెండోవైపు నీలి పెన్సిలుతో నాలుగు వరుసలు. చుట్టలు చుట్టలుగా, కొక్కేలు కొక్కేలుగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆగకుండా సాగిన గీతలు. ఒక్కటీ అక్షరం కాదు. సముద్రాల అవతల ఎవరో పసిబిడ్డ గీసిన గీతలనుకున్నాడు.

“ఇందులో ఏమీ లేదప్పా.”

“ఏమీ లేకుండా నాలుగు వరుసలెట్లుంటాయి? గుమాస్తాకు వచ్చే ఇంగిలీషు నీకు రాదా? రాదంటే చెప్పు, పోతాం.”

రామలక్ష్మమ్మ కూతురి తల మీద చెయ్యి వేసి మాస్టరు వైపు చూసింది. లేదని మళ్ళీ చెప్తే గుమాస్తా మాటే నిలుస్తుంది. వాదించే ఓపిక ఆయనకు లేదు. అట్టను వెలుతురుకు తిప్పి, మొదటి వరుస మీద వేలు పెట్టాడు.

“‘నువ్వు లేకపోతే ఇంట్లో పొద్దు పోవడం లేదు.’”

వేలు కిందికి జరిగింది.

“‘వేళకు అన్నం తిను. ఎండలో తిరగొద్దు.’”

మూడో వరుస మీద వేలుంచి, చూపు తలుపు వైపు తిప్పాడు.

“‘చీకటి పడకముందే వచ్చెయ్యి.’”

“నాలుగోది?”

“‘తలుపు తీసే పెట్టినాను.’”

నరసన్న మొహం చిట్లించాడు. “అంతేనా? దేవుని మాట లేదా?”

“లేదు.”

“అన్నం తిను, ఇంటికి రా అని చెప్పేదానికి ఓడెక్కించి పంపినారా? దొరలకు శానా తీరిక ఉండాదే.”

“నీకు నమ్మకం లేకుంటే ఆ గుమాస్తాను పిలుచుకొని రా. నా ముందర వేలు పెట్టి చదవమను.”

నరసన్న తలగుడ్డ సర్దుకున్నాడు. “వానిది అరకొర చదువేలే” అని గొణిగాడు. “సరే, పోనీ బడికి. వాళ్ళ పాటలు మాత్రం ఇంట్లో పాడకూడదు.”

రామలక్ష్మమ్మ మాస్టరుకు చేతులు జోడించి, మరిది వెనకాలే గడప దాటింది.

అట్ట మంచం మీదే ఉండిపోయింది. దానికోసం రత్నమణి పరుగున వెనక్కి వచ్చింది. అట్టను తీసుకొని, మాస్టరును ఎగాదిగా చూసింది.

“తప్పు చదివినావు అయివారా.”

“నీకెట్లా తెలుసమ్మా?”

“బళ్ళో రాసింది నేనే గదా. ఇంట్లో శానా ఇష్టమైనోళ్ళకు రాయమనింది మిస్సమ్మ. చిన్నాయనకు రాసినా.”